హంతకుడి పేరు కొట్టెయ్

తమ్ముడికి,

1888లో లండన్ వైట్‌చాపెల్‌లో జరిగిన హత్యల మీద, అదే జాక్ ది రిప్పర్ కేసు మీద, నువ్వు పంపిన తొమ్మిది భాగాలూ చదివాను. హతురాలు కేథరీన్ ఎడ్డోస్ దగ్గర దొరికిన సామాన్లలో తేయాకు డబ్బా, పంచదార డబ్బా ఉన్నాయని మూడో భాగంలో ఒక వాక్యం రాశావు. బాగుంది. ఆ వెంటనే ఆవిణ్ణి వదిలేసి హంతకుడి వెంట పడ్డావు. చివరి భాగంలో వాడెవడో తేల్చేశావు. ఈ ఉత్తరం రాయించింది ఆ తేల్చెయ్యడమే.

ఆ పేరు కొట్టెయ్. 1888 నుంచి ఇప్పటిదాకా ఈ కేసులో వందమందికి పైగా మనుషుల మీద వేలు పెట్టి చూపించారు. నీది ఇంకొకటి అవుతుంది, అంతే. కొసమెరుపు లేకపోతే పాఠకుడు ఊరుకోడని మన వారపత్రికల సంపాదకులు తరాలుగా రచయితల బుర్రలకి ఎక్కించారు. సీరియల్ మొదలవకముందే "దోషి ఎవరు?" అని అడిగే సంపాదకులు మన భాషలో ఎంత మంచి రాతని చెడగొట్టారో లెక్కలేదు. అల్లిన డిటెక్టివ్ కథకి ఆ పద్ధతి సరే. అక్కడ శవాన్ని పడుకోబెట్టినవాడూ, ఆనవాళ్ళు దాచినవాడూ రచయితే కాబట్టి జవాబు అతని జేబులోనే ఉంటుంది. జరిగిన ఖూనీలో నీ జేబు ఖాళీ. ఆ ఖాళీని కల్పనతో నింపితే పాఠకుడికి అబద్ధం అమ్మినట్టే.

అసలు మనుషులు ఈ కేసుని ఇన్నేళ్ళు ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు? నిమిషాలు తెలుసు, మనిషి తెలియడు. అదీ సంగతి. ఎడ్డోస్ శవం దొరికిన మైటర్ స్క్వేర్ తీసుకో. సెప్టెంబరు 30 తెల్లవారుజామున కానిస్టేబుల్ వాట్కిన్స్ 1.30కి ఆ చౌకు చుట్టి వెళ్ళాడు, ఏమీ లేదు. 1.35 ప్రాంతంలో లావెండే అనే వ్యాపారి, మరో ఇద్దరు మిత్రులతో క్లబ్బు నుంచి బయటికి వస్తూ, చౌకులోకి దారితీసే సందు మొదట్లో ఒక స్త్రీ, ఒక పురుషుడు నిలబడి ఉండటం చూశాడు. 1.40 దాటాక హార్వే అనే ఇంకో కానిస్టేబుల్ అదే సందు చివరిదాకా వచ్చి తిరిగి వెళ్ళాడు. అతనికేమీ కనిపించలేదు, వినిపించలేదు. 1.45కి వాట్కిన్స్ మళ్ళీ వచ్చేసరికి శవం ఉంది. ఇద్దరు పోలీసుల గస్తీ మధ్య ఇమిడిన ఆ పది నిమిషాలే పాఠకుణ్ణి నిద్రపోనివ్వవు. నువ్వు వాటిని "క్షణాల్లో మాయమయ్యాడు" అని రెండు ముక్కల్లో మింగేశావు.

ముందు కాలపట్టిక వెయ్యి. కాగితం మీద నాలుగు గడులు గియ్యి: సమయం, చెప్పిన మనిషి, ఆ సమయం ఆ మనిషికి ఎలా తెలిసింది, అప్పుడు వెలుతురెంత. అందరూ మొదటి రెండూ నింపి ఆపేస్తారు. పట్టు దొరికేది మూడో గడిలో.

నీ రెండో భాగంలో ఉన్న ఆనీ చాప్‌మన్ హత్య మీదే చేసి చూడు. సెప్టెంబరు 8, హాన్‌బరీ వీధి, 29వ నంబరు ఇంటి పెరడు. జాన్ రిచర్డ్‌సన్ 4.45 తర్వాత ఆ పెరటి మెట్టు మీద కూర్చుని, బూటులో గుచ్చుకుంటున్న తోలుముక్క కోసుకున్నాడు. శవం లేదన్నాడు. పక్కింటి కడాష్ 5.20 ప్రాంతంలో పెరట్లోకి వెళ్ళినప్పుడు కంచె అవతల "వద్దు" అన్న మాట విన్నాడు. కాసేపటికి మళ్ళీ వెళ్తే కంచెకి ఏదో తగిలిన చప్పుడు. పనికి పోతూ స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి గడియారం చూస్తే 5.32. ఎలిజబెత్ లాంగ్ మాత్రం 5.30కి ఆ ఇంటి ముందు వీధిలో చాప్‌మన్ ఒక మగవాడితో మాట్లాడుతూ ఉందంది. 5.30 అని ఎలా తెలుసంటే బీరు కార్ఖానా గడియారం గంట కొట్టిందంది. ఆరు కాకముందే పై వాటాలో ఉండే జాన్ డేవిస్ శవాన్ని చూశాడు. 6.30కి వచ్చిన డాక్టర్ ఫిలిప్స్, ప్రాణం పోయి కనీసం రెండు గంటలయిందన్నాడు. అంటే 4.30 లోపు.

ఇప్పుడు ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టు. డాక్టరు చెప్పింది నిజమైతే రిచర్డ్‌సన్ శవం పక్కనే కూర్చుని బూటు బాగుచేసుకున్నాడు. లాంగ్ చెప్పింది నిజమైతే కడాష్ విన్న చప్పుడుకి అర్థం లేదు, ఎందుకంటే 5.32కి అతను చర్చి దాటేశాడు. లాంగ్ విన్నది 5.15 గంటే అయితే ఆవిడా కడాషూ కలుస్తారు, డాక్టరు ఒక్కడే విడిపోతాడు. డాక్టరు లెక్క ఎందుకు తప్పవచ్చు? అప్పట్లో శవం వేడిని చేత్తో తాకి అంచనా కట్టేవారు. చలి ఉదయం, ఆరుబయట, రక్తం బాగా పోయిన శరీరం తొందరగా చల్లబడుతుంది. ఆ మాట ఫిలిప్సే విచారణలో ఒప్పుకున్నాడు. రిచర్డ్‌సన్ ఎందుకు తప్పవచ్చు? పెరటి తలుపు శవం ఉన్న వైపుకే తెరుచుకుంటుంది. నాలుగో గడి చూడు: సూర్యోదయం 5.23 ప్రాంతంలో. 4.45కి మసకే గాని చీకటి కాదు. ఇలా రాస్తే ఆరు పేజీలు పాఠకుడు తల ఎత్తడు. హంతకుడి పేరు అక్కర్లేదు.

తర్వాత ఏ కాగితం ఎప్పటిదో చూసుకో. చావుకి కారణం తేల్చే కరోనర్ విచారణలో ప్రమాణం చేసి చెప్పిన మాట ఒక రకం, మర్నాటి పత్రిక వార్త ఇంకో రకం, ఆరేళ్ళ తర్వాత పెద్ద ఆఫీసరు రాసిన మెమో మరో రకం. నువ్వు మూడింటినీ ఒకే తూకం వేశావు. నువ్వు నమ్ముకున్నది ఆ ఆఫీసరు మాక్నాటన్ మెమోనే, దాని తేదీ 1894 ఫిబ్రవరి 23. హత్యలప్పుడు ఆయన స్కాట్లండ్ యార్డులో లేనే లేడు. అందులో డ్రూయిట్ అనే అనుమానితుణ్ణి డాక్టరన్నాడు. డ్రూయిట్ నిజానికి బారిస్టరు, బడిపంతులు. అదే మెమోలో అనుమానితుడైన ఆస్ట్రోగ్ హత్యలప్పుడు ఫ్రాన్సు జైల్లో ఉన్నట్టు తర్వాత బయటపడింది. "అయిదుగురే, అయిదుగురు మాత్రమే" అన్న లెక్క కూడా ఈ మెమోదే. పోలీసు ఫైల్లో 1888 ఏప్రిల్ నుంచి 1891 ఫిబ్రవరి దాకా 11 హత్యలున్నాయి. అయిదు అని రాసినప్పుడల్లా ఎవరి లెక్కో చెప్పు.

హంతకుడు రాశాడంటూ నువ్వు కథ మొదలుపెట్టడానికి వాడుకున్న ఎర్రసిరా ఉత్తరం సంగతి. సెప్టెంబరు 25 తేదీతో అది చేరింది పోలీసులకి కాదు, ఒక వార్తాసంస్థకి. రిప్పర్ అన్న పేరు పుట్టింది అందులోనే. ఎవరో విలేకరి పనేనని యార్డు పెద్దలే తర్వాత రాశారు. హంతకుడి గొంతుగా దాన్ని వాడకు. ఎడ్డోస్ హత్య జరిగిన రాత్రి గౌల్‌స్టన్ వీధి గోడ మీద యూదుల గురించి కనిపించిన రాతని కూడా రుజువులా వాడావు. తెల్లవారుజామున 2.55కి కనిపించిన ఆ రాతని, యూదుల మీద అల్లరి చెలరేగుతుందని, కమిషనర్ వారెన్ ఆజ్ఞతో 5.30 ప్రాంతంలో చెరిపేశారు. ఫోటో తియ్యలేదు. రాసుకున్న ఇద్దరు పోలీసుల కాగితాల్లో "కాదు" అన్న మాట వేర్వేరు చోట్ల ఉంది. ఆ ఒక్క మాట జరిగితే అర్థం తిరగబడుతుంది.

ఎడ్డోస్‌దని చెప్పుకునే శాలువా మీది డీఎన్ఏ గురించి ఉత్సాహపడ్డావు. ఎడ్డోస్ ఒంటి మీదా, దగ్గరా ఉన్నవన్నీ పోలీసులు జాబితా రాశారు. అందులో ఆ శాలువా లేదు. పైగా పరీక్షించింది తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ. అది ఒకరిని కాదనడానికి పనికొస్తుంది గాని, వేలమందికి ఒకేలా ఉండేదాన్ని పట్టుకుని ఫలానావాడే అనలేం. శాలువా వందేళ్ళకి పైగా ఎన్ని చేతులు మారిందో కూడా చూడాలి.

పేరు చెప్పడం ఎంత చేటో తెలియాలంటే జాన్ పైజర్‌ని చూడు. హంతకుడు "లెదర్ ఏప్రన్" అనే మారుపేరున్నవాడని పత్రికలు ఊరంతా ఊదరగొట్టాక సెప్టెంబరు 10న ఈ బూట్లు కుట్టే మనిషిని పట్టుకున్నారు. మేరీ ఆన్ నికోల్స్ హత్య రాత్రి అతను రేవుల్లో జరుగుతున్న అగ్నిప్రమాదాన్ని దూరం నుంచి చూస్తూ ఒక పోలీసుతో మాట్లాడాడని తేలి వదిలేశారు. పట్టుబడకముందు కొద్దిరోజులు మూక భయంతో అతను ఇల్లు కదల్లేదు. నువ్వు పేరు పెట్టినవాడు చచ్చిపోయి ఉండొచ్చు, చెప్పుకోలేడు. అందుకే ఇంకా జాగ్రత్త కావాలి.

"అయిదుగురు వేశ్యలు" అని నాలుగు చోట్ల రాశావు. నాలుగు చోట్లా నాకు కోపమొచ్చింది. ఎడ్డోస్‌తో ఏడేళ్ళు కాపురం చేసిన జాన్ కెల్లీ, ఆవిడ అలా తిరిగినట్టు తనకి తెలియదని విచారణలో ప్రమాణం చేసి చెప్పాడు. పడక అద్దె నాలుగు పెన్నీలు లేక మేరీ ఆన్ నికోల్స్ ఆ రాత్రి సత్రం బయట పడింది. చాప్‌మన్‌ది కూడా డబ్బు లేక పడక దొరకని రాత్రే. ఆ పెన్నీల లెక్క రాయి, మిగతాది పాఠకుడికి అర్థమవుతుంది.

కలం పేరు గురించి అడిగావు. అది తర్వాత.

ముందు మూడో భాగం తిరగరాసి పంపు. డబ్బాల దగ్గర ఆగు. ఆ జాబితాలో ఆరు సబ్బు ముక్కలు, ఒకే ఒక ఎర్ర చేతితొడుగు, పన్నెండు తెల్లగుడ్డ ముక్కలు, పగిలిన కళ్ళజోడు ఉన్నాయి. ఆవాలపొడి డబ్బాలో రెండు తాకట్టు చీటీలు. ఒకటి కెల్లీ బూట్లది, రెండు షిల్లింగుల ఆరు పెన్నీలకి. ముందురోజు రాత్రి తాగి పడిపోయిందని ఎడ్డోస్‌ని బిషప్స్‌గేట్ ఠాణాలో పెట్టి, ఒంటిగంట ప్రాంతంలో వదిలేశారు. అదే సమయానికి, ముప్పావు మైలు దూరంలో బెర్నర్ వీధిలో, ఒక బండివాడు ఎలిజబెత్ స్ట్రైడ్ శవాన్ని చూశాడు. రెండు రోజుల తర్వాత పత్రికలో తాకట్టు చీటీల సంగతి చదివి, అవి తన బూట్లేనని కెల్లీ ఠాణాకి వెళ్ళాడు.