సముద్ర జీవుల ఆకారంలో ఆర్టిస్టులు డిజైన్ చేసిన రాళ్ల నగలు అంత ధర పెట్టి కొనొచ్చా?

ధర సంగతి తర్వాత. ముందు కాళ్లు లెక్కపెట్టండి.

హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూములో, పేరున్న ఆర్టిస్టు గీసిందని చెప్పి కెంపుల పీత లాకెట్ చూపించారు. ధర వింటే కళ్లు తిరిగాయి. సరే చూద్దామని చేతిలోకి తీసుకుంటే దానికి మొత్తం ఆరే కాళ్లు! మాది నరసాపురం. మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు, పీతకి డెక్కలు రెండు, కాళ్లు ఎనిమిది అని. అడిగితే "డిజైనర్ పీస్ మేడమ్" అంది సేల్స్ అమ్మాయి.

ఫోన్‌లో ఆ ఫోటో మాకు నగలు చేసే ఆచారి గారికి చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, "ఇది పీత కాదమ్మా, నల్లి" అన్నారు. సరైన పీత లాకెట్ తనే చేసిస్తానని, కుర్రాణ్ణి చేపల బజారుకి పంపి, డెక్కలకి తాడు కట్టిన మండపీతని తెప్పించారు. పళ్లెంలో పెట్టి, చిమటాతో ఒక్కో కాలూ ఎత్తి, ఏ కీలు ఎటు మడుస్తుందో చూశారు. మండపీతకి చివరి జత కాళ్లు మొనదేలి ఉండవు, ఈదడానికి తెడ్ల మాదిరి పలచగా ఉంటాయి. అదీ వదల్లేదు. 22 క్యారెట్లయితే మెత్తగా వంగిపోతాయని కాళ్లు మాత్రం 18లో చేసి, సన్నని సీలలతో కదిలేలా బిగించారు. డొప్పకి పలకలు కొట్టిన కెంపులు వద్దని నున్నటివే పొదిగారు. అసలు పీత ఆ రాత్రి మా ఇంట్లో ఇగురైంది.

పారిస్‌లో బ్వావాన్ అనే నగల సంస్థ కోసం జూలియెట్ మూతార్ 1930లలో గీసిన నక్షత్ర చేప బ్రోచ్ ఫోటోలు వెతికి చూడండి. కెంపులు, అమెథిస్టులు పొదిగిన అయిదు చేతులూ వంగుతాయి. ఆర్టిస్టు అంటే అదీ! అలాంటి పనికి ఎంత పెట్టినా తప్పు లేదు.

మా అత్తగారికి మాత్రం నా పీత లాకెట్ నచ్చలేదు. "తినే పీతని మెళ్లో వేసుకుంటారటే?" అన్నారు. ఆవిడ మెళ్లో ఉన్నది పగడాల దండ! సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడే కదా పగడం. ముత్యం ఆల్చిప్పది. విష్ణుమూర్తి చెవులకి మకర కుండలాలు ఉండొచ్చుగానీ కోడలి మెళ్లో పీత ఉండకూడదు. ఆవిడతో అనలేదనుకోండి.

అన్నట్టు, ముత్యాలు, పగడాలు ఎక్కువున్న నగ మన కోస్తా ఉక్కలో రోజూ వేసుకోకండి. చెమట, సెంటు తగిలితే నిగారింపు పోతుంది.

ఇక ధర. తరుగు, మజూరీ, పైన డిజైనర్ పేరు, అన్నీ మన నెత్తినే. తిరిగి అమ్మబోతే చాలా షాపుల్లో బంగారానికే లెక్క కట్టి, రాళ్లు ఊడదీసి చేతిలో పెడతారు. బిల్లులో రాళ్ల బరువు, ధర విడిగా రాయించుకోండి. లేదంటే రాళ్లని కూడా బంగారం రేటుకి కొన్నట్టే. మా ఆడపడుచు గాజుల దగ్గర ఇదే గొడవ అయింది, ఇప్పటికీ తేలలేదు.