తల్లిపాల వల్ల బిడ్డకే కాక తల్లికి కూడా మేలు ఉంటుందా?

ఉంటుంది, కాకపోతే బిడ్డకు కలిగే మేలు గురించి చెప్పినంతగా తల్లికి కలిగే మేలు గురించి చెప్పేవారు తక్కువ. బిడ్డ రొమ్ము చప్పరించినప్పుడు తల్లి శరీరంలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, పాలు దిగడంతోపాటు గర్భాశయం కూడా ముడుచుకుంటుంది. కాన్పయిన తొలి రోజుల్లో పాలిస్తుండగా పొత్తికడుపులో మెలిపెట్టినట్లు వచ్చే నొప్పికి కారణం ఇదే, రక్తస్రావం తగ్గడానికి తోడ్పడేదీ ఇదే. పాలిచ్చిన తల్లులలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు, టైప్ 2 మధుమేహం ముప్పు తక్కువగా ఉంటాయి.

ఇక బిడ్డ విషయానికొస్తే, మొదటి రెండు మూడు రోజులు చిక్కగా, పసుపు రంగులో, కొద్దికొద్దిగా వచ్చే ముర్రుపాలలో రోగనిరోధక ప్రతిరక్షకాలు సమృద్ధిగా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది కాబట్టి సాధారణంగా ఆ కాసిని పాలే సరిపోతాయి. వైద్యులు సూచిస్తే తప్ప, పాలు పడలేదన్న కంగారుతో డబ్బాపాలు పట్టనక్కరలేదు. తల్లిపాలు తాగే పిల్లలలో విరేచనాలు, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్లు తక్కువ. పుట్టిన గంటలోపే పాలు పట్టడం మొదలుపెట్టి, 6 నెలలు నిండేవరకు మంచినీళ్లు సైతం ఇవ్వకుండా తల్లిపాలే ఇవ్వాలనీ, ఆ తరువాత అనుబంధ ఆహారంతోపాటు 2 ఏళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.