మీరడిగారు: మనుషుల్ని ఎక్కువగా చంపే జంతువు ఏది?

ప్రశ్న: ఆదివారం భోజనాల దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవండి. మనుషుల్ని ఎక్కువగా చంపే జంతువు సొరచేప అని మా చిన్నోడు, ఏనుగు అని మావారు (వాళ్లది పార్వతీపురం వైపు లెండి), పామే అని మా అత్తగారు. ఎవరు గెలిచారో చెప్పండి, పందెం పూతరేకులు.
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: పూతరేకులు అత్తగారికి ఇచ్చేయండమ్మా, ఆవిడ ఫస్ట్ రాలేదు గానీ మిగతా ఇద్దరికంటే చాలా దగ్గరికొచ్చారు. సొరచేప తనంతట తాను మీదపడి చంపేది ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి సగటున ఆరుగుర్ని, సినిమాలు చూసి పిల్లలు పాపం దాన్ని రాక్షసిని చేసేశారు. మీవారి ఏనుగు తేలిగ్గా తీసిపారేసేది కాదు, మన దేశంలో ఏటా ఐదారు వందల మంది దాని కింద పోతున్నారు, పులి మాత్రం ఏడాదికి వంద దాటితే ఎక్కువ. పాముల దగ్గరికొచ్చేసరికి లెక్క ఒక్కసారిగా ఎక్కడికో వెళ్లిపోతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 81,000 నుంచి 1,38,000 మధ్య, ఏటా.

అయినా ఫస్ట్ ప్లేసు దోమదేనండి. మలేరియా ఒక్కదానికే 2023లో 5,97,000 మంది చనిపోయారు, అందులో నూటికి 95 మంది ఆఫ్రికాలోనే, అక్కడ పోయేవాళ్లలో నలుగురికి ముగ్గురు ఐదేళ్లు నిండని పిల్లలు. డెంగీ, మెదడువాపు ఇవన్నీ కలపకుండానే ఈ లెక్క. మనిషిని కూడా జంతువుల్లో కలిపితే సెకండ్ ప్లేసు మనదే, 2021లో హత్యలే 4,58,000.

నిజానికి దోమకి విషం లేదు, కోపం లేదు. ఆడదోమకి గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి, అంతే, మగదోమ అసలు కుట్టదు. జ్వరమున్న మనిషి దగ్గర మలేరియా క్రిమి సర్వీస్ ఆటో ఎక్కినట్టు దోమ ఎక్కుతుంది, దాని కడుపులో పదీ పదిహేను రోజులు పెరుగుతుంది, తర్వాత ఆ దోమ కుట్టిన ఇంకో మనిషి ఒంట్లో దిగిపోతుంది. ఆఫ్రికాలో ఉండే అనాఫిలిస్ రకం ఒకటి పశువుల్ని వదిలేసి మరీ మనుషుల్నే వెతుక్కుంటుంది, దానికి తోడు అక్కడ తిరిగేది మలేరియాలో ప్రాణం తీసే రకం, పైగా పిల్లాడికి జ్వరమొస్తే ఆస్పత్రి ఎక్కడో ఒకరోజు నడక దూరంలో ఉంటుంది.

ఇంకో ముక్క చెప్పాలి, ఈ గుట్టు బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. అప్పటిదాకా మలేరియా చెడుగాలి వల్ల వస్తుందనుకునేవాళ్లు, ఆ పేరుకి అర్థమే అది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు దోమ కడుపు కోసి మైక్రోస్కోపులో ఆ క్రిమిని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా పేషెంటుని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడట. 1902లో నోబెల్ రాస్‌కి వచ్చింది, హుస్సేన్ ఖాన్‌కి ఆ అణాలే మిగిలాయి. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇంకా ఉంది, మీ చిన్నోడిని ఓసారి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడు సిడ్నీలో ఉంటాడు. ప్రపంచంలో అన్నిటికంటే విషమున్న పాములు అక్కడే అంటాడు. మరి చచ్చిపోయేది మాత్రం మన రైతులేంటి సార్?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఆస్ట్రేలియాలో పాముకాటుతో పోయేది ఏడాదికి ఇద్దరో ముగ్గురో. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి 58,000 అని ఒక పెద్ద సర్వే తేల్చింది, ఎక్కువ పోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అక్కడ అన్నిటికంటే విషమున్న ఇన్‌లాండ్ తైపాన్ అనే పాము మనుషుల్లేని ఎడారిలో ఉంటుంది, రైతు బూట్లేసుకుని ట్రాక్టర్ మీద తిరుగుతాడు. మనవాళ్లు ఉత్త కాళ్లతో గట్టు మీద నడవాలి, గడ్డిమోపు కింద చెయ్యి పెట్టాలి, ఎలకలు ధాన్యం కోసం ఇంట్లోకొస్తే వాటి వెనకే పాము వస్తుంది. అందుకే సగం చావులు జూన్-సెప్టెంబర్ వానల్లోనే.

అన్నిటికంటే దొంగది కట్లపాము. రాత్రిపూట కింద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలీదు, తెల్లారుజామున పిల్ల కడుపునొప్పి అంటుంది, కళ్లు మూతలు పడిపోతుంటాయి, ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగిస్తారు. ఇక "పురుగు ముట్టింది" అని తెలిసినా ముందు మంత్రం, పసరు, గట్టిగా తాడు కట్టడం, ఈలోగా టైమ్ అయిపోతుంది. పోయినవాళ్లలో ముప్పావు వంతు మంది ప్రాణం ఆస్పత్రి బయటే పోయింది. పాముని చంపి పట్టుకెళ్లాల్సిన పని కూడా లేదండి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇంకో చిన్నరకం పింజర, ఈ నాలుగింటికీ ఇంజెక్షన్ ఒకటే. కరిచిన కాలో చెయ్యో కదపకుండా బండెక్కించి తీసుకెళ్లడమే. కింద పడుకునేవాళ్లు దోమతెర అంచులు పరుపు కిందకి బాగా దోపుకుంటే దోమే కాదు కట్లపాము కూడా లోపలికి రాదు.

ప్రశ్న: మా ఇంటి కుక్కే ఆడుకుంటూ చేతి మీద గీకింది, రక్తం రాలేదు గానీ తోలు లేచింది. దానికి సూదులు వేయించలేదు. పర్లేదా?
- పేరు రాయొద్దన్నారు

జవాబు: పర్లేదు కాదు. మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పాం, మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాం. ప్రపంచంలో రేబిస్‌తో ఏటా 59,000 మంది పోతున్నారని అంచనా, దాదాపు అందరికీ అంటించింది కుక్కే. లక్షణాలు మొదలయ్యాక బతకడం అనేది ఇంచుమించు లేదు, కానీ అవి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఆ గ్యాప్‌లోనే వ్యాక్సిన్ పనిచేస్తుంది. కారం, సున్నం పెట్టకండి, ట్యాప్ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి (నిజంగా గడియారం చూసుకుని), అదే రోజు టీకాకి వెళ్లండి, రక్తం వచ్చిన కాటైతే గాయం దగ్గర వేసే ఇంకో మందు కూడా కావాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు అనే భయం పాతది, ఇప్పుడు భుజానికే, నాలుగైదు సార్లు వెళ్లాలి. గవర్నమెంట్ ఆస్పత్రిలో ఫ్రీ. కుక్కని పది రోజులు కట్టేసి చూస్తుండండి, కానీ చూశాక వెళ్దాంలే అనుకోకండి, మొదటి సూది ముందు పడాలి.