డిసెంబర్ చలిలో పెద్దవాళ్ళతో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తిరగొచ్చా? ఏం చూడాలి, ఏం తినాలి?

తిరగొచ్చు. కిందటేడాది డిసెంబర్ 20 నుంచి 30 దాకా మా అమ్మానాన్నలతో సరిగ్గా ఈ మూడు ఊళ్ళే తిరిగొచ్చాను. మీరడిగినవి మూడు ప్రశ్నలు: అరవై దాటినవాళ్ళు ఆ చలికి ఆగగలరా, పది రోజుల్లో నాలుగో ఊరు కూడా కలపొచ్చా, శాకాహారం తినేవాళ్ళకు అక్కడ ఏమైనా దొరుకుతుందా.

మా నాన్నకు 66, అమ్మకు 61. కైకలూరు దగ్గర పల్లెటూరు, చేపల చెరువులు. ఇద్దరికీ అదే మొదటి విదేశీ ప్రయాణం. నాన్న అన్నీ తింటాడు. అమ్మ ధనుర్మాసం నెలపట్టిందంటే నీసు ముట్టదు, గుడ్డుతో సహా. కాబట్టి మీ ఇంటి సంగతి నాకు కొంత అర్థమవుతుంది.

ముందు చలి. సున్నాకు అటూ ఇటూ ఉంటుంది, రాత్రిళ్ళు మైనస్‌లోకి పోతుంది. పైకి లావుపాటి జాకెట్ ఒక్కటి కాదు, లోపల థర్మల్స్, దానిమీద స్వెటర్, ఆపైన గాలి చొరబడని కోటు. అమ్మ రెండు మంకీ క్యాపులు సర్దింది. ఫొటోల్లో బాగోవని నేను గొణిగాను. మూడో రోజు నాన్నది అడిగి నేనే పెట్టుకున్నాను.

కానీ అసలు ఇబ్బంది చలి కాదు, వెలుతురు. ఆ రోజుల్లో అక్కడ మధ్యాహ్నం నాలుగింటికల్లా పొద్దుగుంకిపోతుంది. నేను వేసిన మొదటి ప్లానంతా ఎండాకాలం లెక్క. రోజుకు ఐదారు చోట్లు. మొదటి రోజు మూడో చోటికి చేరేసరికే చీకటి, నాన్న కాళ్ళు మొద్దుబారిపోయాయి. అమ్మ మెట్లమీద కూలబడి, "ఎవరో తరుముతున్నట్టు ఈ పరుగులేంట్రా?" అంది. ఆ రాత్రే ప్లాన్ మార్చేశాను. పొద్దున పూట బయట చూసేది ఒక్కటే. మధ్యాహ్నం ఏదో ఒక కప్పు కింద, వెచ్చగా. చీకటి పడ్డాక దీపాలు, క్రిస్మస్ మార్కెట్, ఆపైన ఇంటికి. ఆ లెక్కతోనే మిగతా తొమ్మిది రోజులూ సాఫీగా నడిచాయి.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. సూర్యోదయం ఇంచుమించు ఎనిమిదింటికి. మన పెద్దవాళ్ళు ఎలాగూ ఐదింటికే లేచి కూర్చుంటారు కదా, నింపాదిగా టీ తాగి బయల్దేరినా ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి మీద సూర్యోదయం అందుతుంది. అప్పుడు వంతెన మీద జనం ఉండరు. తొమ్మిదిన్నర దాటితే ఇక తిరనాళ్ళే. 1357లో మొదలుపెట్టిన కట్టడం అది, రెండు పక్కలా 30 విగ్రహాలు. దాని సున్నంలో కోడిగుడ్లు కలిపారని అక్కడొక కథ చెప్పుకుంటారు. అది వినగానే నాన్న, మన డంగుసున్నంలోనూ గుడ్డు సొన, బెల్లం పోసేవాళ్ళని మొదలుపెట్టాడు.

ప్రాగ్ కోట కొండమీద ఉంటుంది. పెద్దవాళ్ళను కింది నుంచి మెట్లెక్కించకండి. 22 నంబర్ ట్రామ్ పైదాకా తీసుకెళ్తుంది, దిగేటప్పుడు నడుచుకుంటూ రావచ్చు. 1410 నాటి ఖగోళ గడియారం దగ్గర గంట గంటకూ బొమ్మలు తిరుగుతాయి, నిమిషం కూడా పట్టదు. దానికోసం చలిలో అరగంట ముందే నిలబడటం దండగ. నాన్న "అయిపోయిందా?" అని నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

ఆయనకు ప్రాగ్‌లో నచ్చింది వేరే ఉంది. క్రిస్మస్‌కు నాలుగైదు రోజుల ముందు నుంచి ఆ ఊరి వీధి మూలల్లో పెద్ద పెద్ద నీలం తొట్లు పెట్టి బతికున్న చేపలు అమ్ముతారు. ట్రామ్ దిగి మేం బస చేసిన ఇంటికి నడుస్తుంటే నాన్న ఠక్కున ఆగిపోయాడు. "ఏరా, ఇది మన బంగారుతీగే కదా!" నిజమే, అదే చేప. మూతికి అదే మీసం, అదే ఇత్తడి రంగు పొలుసు. తొట్లోకి పైపుతో నీళ్ళు వదులుతూనే ఉన్నారు, రబ్బరు ఏప్రన్ కట్టుకున్న మనిషి చేతివలతో ఒక్కోటీ తీసి కాటాలో వేస్తున్నాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి చెక్‌వాళ్ళ ఇళ్ళల్లో ఈ చేప వేపుడు, బంగాళాదుంప సలాడ్ ఉండాల్సిందేనట. కొందరు బతికున్నదాన్నే తీసుకెళ్ళి పండగ దాకా స్నానాల తొట్టిలో వదులుతారు. పిల్లలు దానికి పేరు పెట్టేసుకుని, ఇక కొయ్యనివ్వరు.

నాన్న నన్ను పక్కన నిలబెట్టి దుబాసీ పని చేయించాడు. ఎక్కడి చెరువులు? దక్షిణ బొహీమియా, త్రెబోన్ వైపు. అక్కడ 16వ శతాబ్దం నుంచీ చేపల చెరువులే, రోజ్మ్‌బెర్క్ అనే పెద్ద చెరువు 1590లో పూర్తయిందట. ఎన్నాళ్ళ పంట? మూడు నాలుగేళ్ళు. దానికి నాన్న నోరు తెరిచాడు. మన దగ్గర ఏడాది తిరిగేసరికి పట్టుబడి. చలికి అక్కడ చేప ఎదగదు మరి. పావుగంట కాటా పక్కనే నిలబడి, వెళ్ళేముందు ఒక పొలుసు అడిగి తీసుకున్నాడు. దాన్ని పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని వాళ్ళ నమ్మకం. ఆయనకు ఇలాంటివాటిమీద నమ్మకం లేదు గానీ, డబ్బు మాటకొస్తే ఎందుకొచ్చిన గొడవ అన్నాడు.

ప్రాగ్‌లో తిండి: స్మజెనీ సీర్ అని చీజ్ ముక్కను బ్రెడ్‌పొడిలో దొర్లించి వేయిస్తారు. బ్రాంబొరాక్ అంటే వెల్లుల్లి దట్టించిన బంగాళాదుంప అట్టు. రెంటిలోనూ గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల వేయించేది పంది కొవ్వులో. అడిగి తీసుకోండి. ట్రడెల్నిక్ అని గొట్టంలా కాల్చిన తీపి రొట్టె ప్రతి సందులోనూ కనిపిస్తుంది. పాతకాలపు ప్రాగ్ వంటకం అని బోర్డులు పెడతారు గానీ అది ఈమధ్య టూరిస్టుల కోసం వచ్చిందే. దాని అన్నలాంటిది బుడాపెస్ట్‌లో దొరుకుతుంది, అక్కడ తినండి. మాంసం తినేవాళ్ళకు ఒక హెచ్చరిక: పొగబెట్టిన పంది తొడ అమ్మేచోట బోర్డు మీద ఉండే ధర ప్లేటుకు కాదు, 100 గ్రాములకు. నాన్నకు ఒకతను అడగకుండానే అరకిలో దాకా కోసి ఇచ్చాడు. బిల్లు ఎంతయిందో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

వియన్నాకు రైల్లో నాలుగు గంటలు. సీట్లు ముందే రిజర్వు చేసుకోండి, పండగ రద్దీలో టికెట్ ఉండి నిలబడినవాళ్ళను చూశాను. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో 1441 గదులున్నాయట, మనకు చూపించేవి కొన్నే, అవి చాలు. సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో దక్షిణ గోపురానికి 343 మెట్లు, ఉత్తర గోపురానికి లిఫ్ట్. ఏది ఎంచుకోవాలో చెప్పక్కర్లేదుగా.

వియన్నాలో ఒక్కటే చూస్తానంటే కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం చూడమంటాను. మామూలుగా సోమవారం సెలవు. రెండు గంటలు వెచ్చగా ఉంటుంది, మధ్యలో కూర్చోడానికి మెత్తటి సోఫాలు. మా నాన్నకు బొమ్మల మీద ఆసక్తి లేదు, సోఫా కోసమే వచ్చాడు. కానీ బ్రూగెల్ 1565లో వేసిన మంచులో వేటగాళ్ళ బొమ్మ ముందు మాత్రం లేచి నిలబడ్డాడు. అలసిపోయిన వేటగాళ్ళు, వెనక కుక్కలు, అంత వేటకూ దొరికింది ఒక్క నక్క, కింద గడ్డకట్టిన చెరువుల మీద ఆడుకుంటున్న జనం. "చెరువు గడ్డకడితే చేపలెట్టా బతుకుతాయిరా?" అన్నాడు. మంచుగడ్డ పైనే తేలుతుంది, అడుగున నీళ్ళు 4 డిగ్రీల దగ్గర ఆగుతాయి, చేప అక్కడ కదలకుండా పడుంటుంది అని చెప్పాను. "మరి ఆక్సిజన్?" దానికి నా దగ్గర అంత మంచి జవాబు లేకపోయింది.

కాఫీ హౌసులు అమ్మకు నచ్చాయి. ఒక్క మెలాంజ్ (పాల నురగ వేసిన కాఫీ) చెప్పి రెండు గంటలు కూర్చున్నా లెమ్మని ఎవరూ అనరు. చిన్న ట్రేలో కాఫీతోపాటు గ్లాసు మంచినీళ్ళు పెడతారు. కాఫీ మన ఫిల్టర్ కాఫీ అంత చిక్కగా ఉండదు, సర్దుకోవాలి. 1832 నాటి జాఖర్‌టోర్టె, చాక్లెట్ కింద ఆప్రికాట్ జామ్ ఉండే కేకు, ఉత్తగా తింటే పొడిపొడిగా ఉంటుంది, పక్కన ఇచ్చే క్రీముతో తినండి. అందులో గుడ్డు సంగతి ఎత్తొద్దని అమ్మే అంది. క్రిస్మస్ మార్కెట్లో కాల్చిన చెస్ట్‌నట్లు, వేయించిన బంగాళాదుంప ముక్కలు, కిండర్‌పున్ష్ అనే మందు కలపని వేడి పళ్ళరసం ఉంటాయి. కప్పుకు నాలుగైదు యూరోలు అదనంగా పట్టుకుంటారు, తిరిగిచ్చేస్తే వెనక్కిస్తారు.

24 సాయంత్రం జాగ్రత్త. అన్నీ మూసేస్తారు. వియన్నాలో ఆదివారాలు కూడా సూపర్ మార్కెట్లు దాదాపు ఉండవు. అందుకే హోటల్ కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అమ్మానాన్నలు ఆవకాయ, కందిపొడి, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకున్నారు. నెయ్యి మాత్రం ఆపించాను, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు. అమ్మ వెన్న కొనిపించి ఆ వంటింట్లోనే కాచింది. బయట చర్చి గంటలు మోగుతుంటే లోపల నెయ్యి వాసన. వేడన్నం, కందిపొడి, పెరుగు. పది రోజుల్లో నాన్న మారు వడ్డించుకుని తిన్న రాత్రి అదొక్కటే.

బుడాపెస్ట్ ఇంకో రెండు గంటల నలభై నిమిషాల రైలు. మూడింట్లో చవక, నాకైతే చలికాలానికి ఇదే మంచి ఊరు, ఎందుకంటే ఇక్కడ నేలలోంచే వేణ్ణీళ్ళు వస్తాయి. 1913లో తెరిచిన సెచెని స్నానశాలలో ఆరుబయట కొలనులుంటాయి, వాటిలో ఒకదాంట్లో నీళ్ళు 38 డిగ్రీల దాకా. బయట గాలి సున్నా. పొగలు కక్కే నీళ్ళలో మెడదాకా మునిగి చదరంగం ఆడే ముసలాళ్ళు కనిపిస్తారు. నాన్న గంటసేపు బయటికి రాలేదు. అమ్మ స్విమ్‌సూట్ వేసుకోనని లోపలికే రాలేదు, దగ్గర్లో టీకొట్టులో కూర్చుంది. ముందే మాట్లాడుకుని ఉండాల్సింది, తప్పు నాదే. అక్కడికి 1896 నాటి చిన్న పసుపు మెట్రో వెళ్తుంది. ఎక్కేముందు టికెట్ పంచ్ చేయడం మర్చిపోకండి.

తిండి విషయంలో అమ్మకు ఇదే స్వర్గం. లాంగోష్ అంటే పులిసిన పిండిని పళ్ళెమంత వెడల్పు చేసి నూనెలో వేయించి, వెల్లుల్లి రసం పూసి, పుల్లటి క్రీము, చీజ్ తురుము వేస్తారు. "మైసూరు బోండా పిండిని పూరీ చేసినట్టుంది" అంది, ఒకటి పూర్తిగా తినేసింది. ఫోజెలేక్ అని పాలకూరో బటాణీయో చిక్కగా ఉడికించి ఇస్తారు, పైన మాంసం వద్దని చెప్పాలి. గుల్యాష్‌లో ఉండేది మామూలుగా గొడ్డు మాంసం, తినని వాళ్ళు చూసుకోండి. సెంట్రల్ మార్కెట్ హాల్లో పాప్రికా కారం డబ్బాలు కొనేటప్పుడు 'ఏదేష్' అంటే తీపిది, 'చీపోష్' అంటే కారంగా ఉండేది. అమ్మ చీపోష్‌ను కూడా నాలిక మీద వేసుకుని, "రంగే గానీ పస లేదు" అని తేల్చేసింది.

సాయంత్రం 2 నంబర్ ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుంటే డాన్యూబ్ ఒడ్డున దీపాల పార్లమెంటు అంతా వెచ్చగా చూడొచ్చు. ఆ పార్లమెంటుకు దగ్గర్లోనే నది గట్టున 60 జతల ఇనుప బూట్లు పెట్టి ఉంటాయి, 2005లో పెట్టారు. 1944, 45ల్లో ఆరో క్రాస్ అనే హంగరీ నాజీ పార్టీ ముఠాలు యూదులను ఆ గట్టున నిలబెట్టి నదిలో పడేలా కాల్చాయి. ముందు బూట్లు విప్పించేవాళ్ళు. ఎందుకని అమ్మ అడిగింది. బూట్లకు ధర పలికేది కాబట్టి అన్నాను. పసిపిల్లల బూట్లు కూడా ఉన్నాయక్కడ. ఆ రోజు ఇంకేమీ చూడకుండా ఇంటికొచ్చేశాం.

ఇక నాలుగో ఊరు. వద్దు. వియన్నా నుంచి గంటలో పోయే బ్రాటిస్లావాకు కూడా నేను టికెట్లు కొని, ఆ పొద్దున ఇద్దరూ హాయిగా నిద్రపోతుంటే లేపలేక వదిలేశాను.

చిన్నచిన్నవి: ఒక్క షెంగెన్ వీసా మూడు దేశాలకూ సరిపోతుంది, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే అక్కడికే దరఖాస్తు చేయాలి, 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. చెక్ కొరునాలకూ హంగరీ ఫోరింట్లకూ వీధిలో డబ్బు మార్చేవాళ్ళ దగ్గరకు పోకండి. కార్డు గీకితే స్థానిక కరెన్సీలోనే తీసుకోమనండి. మూడు ఊళ్ళ పాతపేటల్లోనూ నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది, తడిస్తే జారుతుంది. బూట్లు మందం అడుగువి, ఉన్ని సాక్సు పట్టేలా ఒక సైజు పెద్దవి కొనండి. బయల్దేరే ముందు నెల రోజులు ఇంట్లో వాటితోనే నడిపించండి. మా నాన్న కొత్తవి నేరుగా ప్రాగ్‌లో తొడిగి, రెండో రోజుకే మడమ మీద బొబ్బతో కుంటాడు.