జులు, జూలు, జులూ: ఏది రాయాలి?

సందేహం: దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్ రాష్ట్రంలో వన్యమృగాలనూ అక్కడి జాతి సంస్కృతినీ చూసి వచ్చి యాత్రావ్యాసం రాస్తున్నాను. ‘జూలుల గడ్డపై సింహాలు’ అని పేరు పెడితే మిత్రులు నవ్వారు. ఈ జాతి పేరును తెలుగులో ఎలా రాయాలి? బూడిదరంగు జంతువును ‘తెల్ల ఖడ్గమృగం’ అనడం సబబేనా? ఇంపాలాలను దుప్పులు అనవచ్చా?

సమాధానం: మిత్రులు నవ్వారంటే నవ్వరూ మరి! తెలుగులో జూలు అంటే సింహం మెడ చుట్టూ ఉండే వెంట్రుకలు. పక్కనే సింహం కూడా ఉంటే చదివేవాళ్లకు జాతి ఎలా తోస్తుంది? చిత్రమేమిటంటే, ఉచ్చారణకు మీరు రాసిందే దగ్గర. జులూ భాషలో చివరి నుంచి రెండో అక్షరాన్ని సాగదీసి పలుకుతారు. అయినా వద్దనే అంటాను. పేరును అరువు తెచ్చుకున్నాక అది మన వాక్యంలో ఇమడాలి.

‘జులు’తో చిక్కు వేరు. చివరి ‘లు’ బహువచన ప్రత్యయంలా కనబడి, ఏకవచనం ‘జువు’ కాబోలు అనిపిస్తుంది. తేలు తేళ్లు అయినట్టు జులు జుళ్లు కావాలని వాదించే వైయాకరణులూ దొరక్కపోరు. చివర దీర్ఘమిచ్చి ‘జులూ’ అంటే ఈ పేచీ ఉండదు. జులూ భాష, జులూ రాజు, జులూలు, జులూల ఆచారాలు. హిందువుల వరసలో ‘జులువులు’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ చెవి ఒప్పుకోదు. ఒక్కరైతే జులూ యువకుడు, జులూ స్త్రీ అంటే చాలు. రాష్ట్రం పేరులో మాత్రం ‘క్వాజులు’నే ఉంచండి. అక్కడ ‘లు’ పదం మధ్యలో ఒదిగిపోయింది, ఎవరూ పొరబడరు.

వాళ్ల భాషలో బహువచనం పదం మొదట్లో తేలుతుంది. ఇండ్లోవు అంటే ఏనుగు, ఇజిండ్లోవు అంటే ఏనుగులు. జాతి మొత్తాన్ని అమజులు అంటారు, భాషను ఇసిజులు అంటారు. దీన్ని గమనించక ‘అమజులులు’ అని రాస్తే తలపాగా మీద టోపీ పెట్టినట్టే.

శీర్షికలో సింహాలను వదులుకోకండి. జులూ రాజు బిరుదు ‘ఇంగొన్యామా’, అంటే సింహం. కొలువులో రాజును, ఆయన పూర్వులను కీర్తించే ఇంబోంగిని మన వందిమాగధులతో పోల్చి పరిచయం చేస్తే తెలుగు పాఠకుడికి ఇట్టే అందుతుంది.

ఇక ఖడ్గమృగం. ఆఫ్రికాలో ‘తెల్లది’, ‘నల్లది’ రెండూ బూడిదరంగువే. మూతి వెడల్పును చెప్పే డచ్చి మాట ఇంగ్లీషువారి చెవిలో ‘తెలుపు’గా మారిందని కథ ఒకటి ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు, మీ వ్యాసంలోకి రానివ్వకండి. తేడా నిజంగా మూతిలోనే ఉంది. తెల్లది వెడల్పాటి మూతితో గడ్డి మేస్తుంది. నల్లది కొక్కెంలాంటి పై పెదవితో ఆకూ కొమ్మా తెంపుకుంటుంది. జులూలు రంగు ప్రసక్తి లేకుండా మొదటిదాన్ని ఉమ్ఖోంబె, రెండోదాన్ని ఉబెజానె అంటారు. దక్షిణాది తెల్ల ఖడ్గమృగం 19వ శతాబ్ది చివరికి దాదాపు అంతరించి, ఇమ్ఫొలోజి నదుల ప్రాంతంలో కొద్దిగా మిగిలింది. 1895లో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. 1960లలో అక్కడి నుంచే ఈ మృగాలను ఇతర అడవులకు పంపారు. అంత చరిత్ర ఉన్న పేరును మార్చే పని మనకెందుకు? ‘ఒంటికొమ్ము’ అనే విశేషణం మాత్రం తగిలించకండి. ఆ రెండు జాతులకూ రెండేసి కొమ్ములు. ఒంటికొమ్ముది కాజీరంగాలో ఉండే మనది.

ఆ రక్షిత ప్రాంతం ఇప్పుడు హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి పార్కు. ఆ పేరులోని మొదటి సగాన్ని ‘హ్లుహ్లువే’ అనే రాయండి. నాలుకను ‘ల’కు పెట్టి ఊపిరి ఊదితే వచ్చే ధ్వని అది. ఇంగ్లీషు నోళ్లలో అది ‘ష్లుష్లువే’ అయింది, మనకు ఆ అవసరం లేదు. ప్రహ్లాదుణ్ణి రాయగలిగిన లిపి మనది.

ఇంపాలా దుప్పి కాదు. దుప్పికీ కణితికీ కొమ్ములు శాఖలుగా చీలి, రాలి, మళ్లీ మొలుస్తాయి. సహారాకు దక్షిణాన ఆ కుటుంబమే సహజంగా లేదు. ఇంపాలా మగవాటికి ఉండేవి చీలని, రాలని కొమ్ములు. ఆ లెక్కన అవి మన కృష్ణజింక వైపు చుట్టాలు. ఇంపాలా అన్నది జులూ మాటే కనుక పేరును అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఇంపాలా జింక’ అనండి. అక్కడి మరో రెండు జింకలు న్యాలాకూ కుడుకూ ఇదే పద్ధతి.