రిమ్ము పెరిగితే రబ్బరు తరుగు
బండి ప్రశ్నలు – బదులు: ఫోర్ బై ఫోర్ బండ్ల టైర్లు, రిమ్ములు

ప్రశ్న: మాది 265/65 ఆర్17 టైర్లున్న ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్. నాలుగూ అరిగిపోయినాయి. టైర్ల షాపులో 20 ఇంచీల అల్లాయ్‌లు వేసుకోమంటున్నారు, బండి నిండుగా కనపడుతుందంట. మావాడేమో రిమ్ములు అవే ఉంచి 285 టైర్లు వేద్దామంటాడు. వారానికి నాలుగుసార్లు చీమకుర్తి క్వారీల దాకా పోయిరావాలి నేను. ఏది మేలు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండూ వద్దు. 17 రిమ్ములే ఉంచి, అదే 265/65 కొలతలో ఏటీ (ఆల్ టెర్రెయిన్, తారుకీ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చే) రకం టైర్లు వేయించండి. ఎందుకో లెక్కేసి చూద్దాం.

టైరు మీద మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము ఇంచీలు. 265లో 65 శాతమంటే 172 మి.మీ. రిమ్ముకి పైన ఒక 172, కింద ఒక 172, మధ్యలో 17 ఇంచీలు అంటే 432. మొత్తం ఎత్తు 776. ఇదే బండికి కంపెనీ 18 రిమ్ముతో ఇచ్చే 265/60 ఆర్18 ఎత్తు 775. బండి ఎత్తు పెరిగిందేమీ లేదు, సైడ్‌వాల్ మాత్రం 159కి దిగింది. ఇక 20 రిమ్ము వేసి ఎత్తు చెడకుండా ఉండాలంటే 265/50 ఆర్20 వెయ్యాలి. దాని సైడ్‌వాల్ 132. అంటే ఇప్పుడున్న దానికంటే రెండు వేళ్ళ మందం రబ్బరు పోయి, ఆ చోటికి అల్యూమినియం వచ్చింది. మీరు డబ్బిచ్చి కొనుక్కునేది అది.

క్వారీ దారిలో టిప్పర్ల నుంచి రాలిన గ్రానైట్ ముక్కలు గుండ్రాళ్ళ మాదిరి ఉండవు, అంచులు కత్తుల్లా ఉంటాయి. అలాంటి దాని మీదికి చక్రం ఎక్కినప్పుడు సైడ్‌వాల్ రాయికీ రిమ్ము అంచుకీ మధ్య నలుగుతుంది. బయటికి గీత కూడా కనపడదు, లోపల దారాలు తెగుతాయి. రెండు రోజుల తర్వాత చూస్తే సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు. ఆ టైరు పని అయిపోయినట్టే. లోపల ప్యాచ్ వేసి నడిపించొచ్చని ఎవరన్నా చెబితే వినొద్దు. ప్యాచ్ గాలిని ఆపుతుంది గానీ తెగిన దారాన్ని అతకదు. ఎత్తున్న సైడ్‌వాల్ అయితే ఆ దెబ్బని వంగి తీసుకుంటుంది.

మీ అబ్బాయి చెప్పే 285/65 ఆర్17 ఎత్తు 802. అక్షరాలా 26 మి.మీ. ఎక్కువ, అందులో నేలకీ బండి అడుక్కీ మధ్య పెరిగేది సగమే, 13 మి.మీ. దానికి చెల్లించే మూల్యం చూడండి. స్పీడోమీటరు 100 చూపేటప్పుడు మునుపటి 100 కంటే బండి మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంగా పోతుంటుంది. ఓడోమీటరు కూడా అదే లెక్కన తక్కువ చూపిస్తుంది, సర్వీసు ఆలస్యమవుతుంది. గేరు బరువెక్కినట్టు ఉంటుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. రిమ్ము వెనకవైపు 7.5 అని పోతపోసి ఉంటే అది రిమ్ము వెడల్పు. 285/65కి కనీసం 8 కావాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి గోతిలో దించితే టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌ని రాసుకోవచ్చు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి కదా, అది బండి కింద వేలాడే చోట పడుతుందో లేదో కొనకముందే కొలవండి. చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టిన రోజున ఇది ముందుకొస్తుంది.

సైజు తర్వాత ఉండే అంకెని షాపులో ఎవరూ చూపించరు, మీరే చూడండి. 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుంది, 110 అంటే 1060. పక్కనున్న అక్షరం వేగం: ఎస్ అయితే గంటకి 180, టీ 190, హెచ్ 210. పాత టైరు మీదున్న అంకెకి తక్కువది ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. సైజుకి ముందు ఎల్‌టీ అని ఉన్నవి లైట్ ట్రక్కు టైర్లు. పొరలు మందం, రాళ్ళకి ఓర్చుకుంటాయి. మీ పనికి మీ సైజులో దొరికితే ఆలోచించొచ్చు. కాకపోతే బరువెక్కువ, కుదుపెక్కువ. అదే బరువు మొయ్యడానికి వీటికి మామూలు టైరు కంటే గాలి ఎక్కువ కావాలి, డోరు దగ్గరి స్టిక్కరు అంకె వీటికి పనికిరాదు. టైరు కంపెనీ లోడ్ పట్టిక అడిగి తీసుకోండి.

ప్రశ్న: థార్ ఎల్ఎక్స్, 255/65 ఆర్18 టైర్లు. రొయ్యల చెరువుల గట్ల మీదే సగం తిరుగుడు. వాన పడితే యాడికక్కడ జారతా ఉండాది. 16 రిమ్ములు వేసి ఎంటీ (మడ్ టెర్రెయిన్, బురద రకం) టైర్లు ఎక్కిద్దామని ఉంది. ఏమంటారన్నా?
— ఒక ఆక్వా రైతు, ఇందుకూరుపేట మండలం

జవాబు: రిమ్ము తగ్గించడం మంచి ఆలోచన. థార్‌లోనే ఇంకో రకమైన ఏఎక్స్‌కి కంపెనీయే 245/75 ఆర్16 ఇచ్చింది. సైడ్‌వాల్ 166 నుంచి 184కి పెరుగుతుంది, మొత్తం ఎత్తు 789 నుంచి 774కి తగ్గుతుంది. నేల నుంచి ఏడు మిల్లీమీటర్లు పోతాయి, అది లెక్కలోది కాదు. స్పీడోమీటరు రెండు శాతం లోపే ఎక్కువ చూపిస్తుంది. తేడా ఇటువైపు ఉంటే నష్టం లేదు.

రిమ్ములు కొనేచోటే తేడాలొస్తాయి. నట్ల బోల్ట్ సర్కిల్ (నట్ల రంధ్రాలుండే వలయం) సరిపోతే చాలనుకుంటారు. మధ్య రంధ్రం కూడా హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి. అది పెద్దదైతే బరువంతా నట్ల మీదే నిలబడుతుంది, 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. మూడోది ఆఫ్‌సెట్, అంటే హబ్బుకి ఆనే ముఖం రిమ్ము నడిమి గీతకి ఎంత దూరంలో ఉందో. రిమ్ము వెనక ఈటీ అని పక్కన అంకె ఉంటుంది. పాతదాని మీద 40, కొత్తదాని మీద 10 ఉంటే చక్రం 30 మి.మీ. బయటికి వచ్చేస్తుంది. చూడ్డానికి బలే ఉంటుంది గానీ వీల్ బేరింగు మీద పడే లాగుడు పెరుగుతుంది, గుంతలో స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది, బురదంతా డోర్ల మీదే. హబ్బుకీ రిమ్ముకీ మధ్య స్పేసర్లనే దిమ్మెలు పెట్టినా జరిగేది ఇదే. ఏఎక్స్ బండి నుంచి తీసిన కంపెనీ రిమ్ములు దొరికితే ఈ బాధలేవీ ఉండవు.

ఏ రిమ్మయినా సరే, ముందు చక్రానికి ఒక్కటి బిగించి, జాకీ మీదే ఉంచి చేత్తో తిప్పి చూడండి. బ్రేకు క్యాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య సందు కనపడాలి, ఎక్కడా గీరుకోకూడదు. సరిపోయిందని తేలాకే టైర్లు ఎక్కించమనండి, ఎక్కించాక వాపసు తీసుకోరు. అల్లాయ్ నట్టు మొన ఏటవాలు వేరే ఉండొచ్చు, రిమ్ముతో పాటు వచ్చిన నట్లే వాడాలి. ఎదురెదురు వరసలో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో మళ్ళీ చూడాలి.

ఇక ఎంటీ సంగతి. చెరువు బంకమన్ను టైరు బటన్ల మధ్య నిండిపోతే ఏ టైరైనా మైనం పూసినట్టు నున్నగా అయిపోతుంది. ఎంటీలో బటన్ల మధ్య సందులు వెడల్పు, చక్రం తిరిగే ఊపుకి మట్టి ఎగిరిపోతుంది, ఏటీలో అంత తేలిగ్గా పోదు. అందుకే బురదలో ఎంటీ మేలు. తారు రోడ్డెక్కితే లెక్క తిరగబడుతుంది. మోత, త్వరగా అరుగుదల, డీజిలు ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, తడిసిన తారు మీద బ్రేకేస్తే ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. మీ తిరుగుడు సగం గట్ల మీద, సగం నెల్లూరు రోడ్డు మీద అయితే ఏటీకే మా ఓటు. ముప్పాతిక గట్ల మీదే అయితే ఎంటీ.

ఒకమాట. గట్టుకి రెండుపక్కలా నీళ్ళున్నచోట, వాన వెలిసీ వెలవకముందే, ఎంటీ వేసినా బండి పక్కకి జారుతుంది. ముందుకి లాగే పట్టు వేరు, పక్కకి జారకుండా ఆపే పట్టు వేరు. ఆ పూటకి మేత బస్తాలు ట్రాక్టరుతో పంపండి.

ప్రశ్న: మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఇసకలో దిగబడకుండా ఎంత గాలి పెట్టాలి? వెడల్పు టైర్లు వేస్తే సరిపోదా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వెడల్పు వల్ల వచ్చే లాభం కొంచెమే. గాలి తగ్గిస్తే టైరు నేలకానే చోటు ముందుకీ వెనక్కీ పొడవుగా సాగుతుంది, అసలు లాభం ఆ పొడవులో ఉంది. 32, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, షాపుల్లో పాయింటు అనేది ఇదే) మీద ఇసకలో దిగితే చక్రం గునపంలా తవ్వుకుంటూ పోతుంది.

తారు రోడ్డు మీద ఉండగానే నాలుగింటినీ 18కి దించండి. మెత్తటి పొడి ఇసకైతే 15. 12 కిందికి వద్దు, మలుపులో టైరు రిమ్ము మీంచి ఊడి గాలి ఒక్కసారిగా పోతుంది. ఎత్తు తక్కువ సైడ్‌వాల్‌తో 15 కూడా ప్రమాదమే. పైన ఒంగోలు పాఠకుడికి 20 రిమ్ములు వద్దన్నదానికి ఇదీ ఒక కారణం.

లోపల ఉన్నంతసేపూ ఫోర్ వీల్‌లోనే ఉంచి మెల్లగా పోండి, స్టీరింగు గట్టిగా కొయ్యొద్దు. ఆగాల్సొస్తే బ్రేకు తొక్కకుండా యాక్సిలేటర్ వదిలేసి దానంతటది ఆగనివ్వండి. బ్రేకేస్తే చక్రాల ముందు ఇసక కుప్ప పడి, మళ్ళీ కదలడానికి అదే అడ్డమవుతుంది. చక్రం ఉత్తినే తిరగడం మొదలైతే వెంటనే ఆపండి. ఇంకో పది సెకన్లు తొక్కితే ఆక్సిలు ఇసకకి ఆనుతుంది. దిగి చక్రాల ముందు ఇసక పారతో తీసి, ఇంకో రెండు మూడు పీఎస్ఐ తగ్గించి, వచ్చిన జాడల్లోనే వెనక్కి రండి.

తారెక్కే ముందు గాలి తిరిగి కొట్టాలి. దగ్గర్లో పంచరు షాపు ఉంటుందిలే అని 18తో హైవే ఎక్కితే టైరు కాగి పేలుతుంది. సిగరెట్ లైటరు సాకెట్‌కి పెట్టే చిన్న కంప్రెసర్లు ఇంత పెద్ద టైర్లకి చాలవు, బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొనండి. ఇంటికొచ్చాక బండి అడుగు, రిమ్ముల లోపలివైపు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు రిమ్ము అంచున, టైరు పెదవి ఆనేచోట, అల్యూమినియాన్ని తినేస్తుంది. పంచరు లేకుండానే వారానికి నాలుగైదు పాయింట్లు గాలి దిగే బండ్లలో కొన్నిటి జబ్బు ఇదే.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో అసలు బండి ఇసకలోకి దించొద్దు.

ప్రశ్న: రోహిణి కార్తె ఎండలకి టైర్లు పేలకుండా గాలి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించమంటారు. నిజమేనా?
— కావలి

జవాబు: తలకిందులు. టైరుని కాల్చేది లోపలి గాలి కాదు, గాలి తక్కువై సైడ్‌వాల్ చక్రం తిరిగిన ప్రతిసారీ నలగడం. తీగని అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే ఇదీ. డోరు దగ్గరి స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకి చెప్పింది. పొద్దున్నే, బండి కదలకముందే కొట్టించండి. సుమారు ఆరు డిగ్రీలకి ఒక పాయింటు పెరుగుతుంది, మధ్యాహ్నం 16వ నంబరు హైవే మీద అయిదారు పాయింట్లు ఎక్కువ చూపిస్తే అది మామూలే. ఆ వేడి మీద గాలి వదిలితే సాయంత్రానికి టైరు తక్కువ గాలితో ఉంటుంది. ఇంటిల్లిపాదీ, సామానూ ఎక్కినరోజు వెనక టైర్లకి స్టిక్కరు మీద వేరే అంకె ఉంటుంది, అది పెట్టండి.

ప్రశ్న: నాలుగూ కొనే స్తోమత ఇప్పుడు లేదు. రెండే మారిస్తే ముందు వెయ్యాలా, వెనకా?
— పొదిలి

జవాబు: ఫోర్ బై ఫోర్‌కి ఇది మామూలు కార్ల ప్రశ్న కాదు. కొత్త టైరు బటన్ లోతు 9 మి.మీ., పాతది 4 అనుకుందాం. 776 ఎత్తు టైరులో ఆ తేడా వల్ల కిలోమీటరుకి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ అయిదు చుట్లు తేడా వస్తుంది. టూ వీల్‌లో ఉన్నంతసేపూ ఎవరి చుట్లు వాళ్ళవి. ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా షాఫ్టులు ఒకటిగా బిగుసుకుంటాయి. బురదలో చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది, గట్టి నేల మీద తీరే దారి లేక ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టె) మెలిపడుతుంది. లివరు టూ వీల్‌కి రాకుండా మొరాయించడం దాని గుర్తు. ఎప్పుడూ నాలుగు చక్రాలూ నడిచే బండ్లకైతే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా దాటనివ్వొద్దు.

తప్పనిసరైతే రెండు కొత్తవీ వెనక వేసి, ఫోర్ వీల్ బురదకీ ఇసకకీ మాత్రమే వాడండి. ఇకముందు స్టెప్నీతో కలిపి అయిదింటినీ 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకొకసారి చోట్లు మారుస్తూ రండి, అన్నీ ఒకేసారి అరుగుతాయి.

ప్రశ్న: పాత స్టాకు అని తక్కువకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
— కందుకూరు

జవాబు: సైడ్‌వాల్ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. ఏడాది లోపుదైతే తీసుకోండి. రెండేళ్ళు దాటితే తగ్గింపు ఎంతైనా వదిలెయ్యండి, ఎందుకంటే అరగకపోయినా అయిదారేళ్ళకి రబ్బరు గట్టిపడి పగుళ్ళొస్తాయి, ఆ లెక్కలో రెండేళ్ళు షాపులోనే పోయినాయి. బటన్ లోతు 1.6 మి.మీ.కి వస్తే చట్టప్రకారం మార్చాల్సిందే, బురదలో తిరిగే బండికి 4 దగ్గరే పట్టు పోతుంది. ఆ నాలుగంకెలు నాలుగు టైర్ల మీదా విడివిడిగా చూడండి, ఒకటి పాతది కలిపేస్తారు. గడి ఒకవైపే ఉంటుంది. అది లోపలికి తిరిగి ఉంటే బిగించకముందే టైరు తిప్పించి చదవండి. వెనక డోరుకి ఎండలో వేలాడే స్టెప్నీ మీదా చదవండి.