చిన్నప్పటి కార్టూన్లు ఇప్పటికీ బాగుండడం బాల్యం మీద బెంగేనా?

బెంగ ఉంటుంది, కాదనను. రాత్రి తొమ్మిదయ్యేసరికి కార్టూన్ నెట్‌వర్క్ ఆగిపోయి, అదే ఛానల్లో టీఎన్‌టీ పాత ఇంగ్లిష్ సినిమాలు మొదలయ్యే రోజులు గుర్తున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. కానీ అంతా బెంగే అయితే అప్పుడు చూసినవన్నీ ఇప్పుడూ బాగుండాలిగా? ఉండవు. యోగి బేర్ పెట్టి చూడండి, పది నిమిషాలకే చెయ్యి ఫోను మీదికి పోతుంది. టామ్ అండ్ జెర్రీకి అలా పోదు. రెండూ చేసింది ఆ ఇద్దరే, విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. తేడా వాళ్ల తెలివిలో లేదు, బొమ్మల లెక్కలో ఉంది.

సినిమా రీలుకి సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకు 12 బొమ్మలు. ఏడు నిమిషాలకి 10,080 ఫ్రేములు. పిల్లి ఆపకుండా కదిలితే దానికే 5,040 బొమ్మలు గీయాలి, ఎలుకకి వేరే. పరుగులూ దెబ్బలూ వచ్చేచోట ఫ్రేముకో బొమ్మ పడాలి, లేదంటే కదలిక గంతులేసినట్టుంటుంది. వీళ్లు ఎంజీఎం స్టూడియో కోసం చేసి, 1940 నుంచి 1958 దాకా విడుదలైన 114 టామ్ అండ్ జెర్రీ కార్టూన్లూ ఈ పద్ధతే. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది, వీళ్లు టీవీకి వచ్చారు. టీవీ వాళ్లిచ్చే డబ్బుకి అన్ని బొమ్మలు గిట్టవు. అందుకే మొండెం బొమ్మ ఒకటి అలాగే ఉంచి, తలా నోరూ చెయ్యీ మాత్రం వేరే సెల్ మీద, అంటే పైన పరిచే పారదర్శకమైన రేకు మీద, మార్చేవారు. యోగి మెడలో కాలరూ టై షోకుకి కాదు, తల అతుకు కనబడకుండా. ఫ్లింట్‌స్టోన్స్‌లో ఎవరైనా పరిగెడితే వెనక ఆ కిటికీయే మళ్లీ మళ్లీ రావడం కూడా ఈ పొదుపే.

దగ్గరగా చూడాలంటే 1947లో వచ్చిన ‘ది క్యాట్ కన్సర్టో’ పెట్టండి. ఆస్కార్ వచ్చింది దానికి. టామ్ సూటేసుకుని వచ్చి, పియానో ముందు కూర్చుని లిస్ట్ అనే సంగీతకారుడి హంగేరియన్ రాప్సడీ రెండోది వాయిస్తుంటాడు. లోపల పడుకున్న జెర్రీకి నిద్ర చెడుతుంది. మాటల్లేవు, కథంతా వేళ్ల మీదే. జెర్రీ పియానో మెట్లు (కీలు) కొన్ని పీకేసి అక్కడ ఎలుకల బోను పెడతాడు. టామ్ వేలు దానికి అటో మెట్టు, ఇటో మెట్టు నొక్కుతూ తప్పించుకుంటూనే ఉంటుంది, చూసేవాడికి ఊపిరాడదు. చివరికి పడుతుంది. పడ్డం కన్నా పడకపోవడమే అక్కడ నవ్వు.

ఇది కుదరాలంటే సంగీతం ముందు రికార్డవ్వాలి. ఏ స్వరం ఎన్నో ఫ్రేములో పలికిందో షీటు మీద రాసుకుని, దాన్నిబట్టి వేలి బొమ్మ గీస్తారు. దరువుకి 12 ఫ్రేములైతే నిమిషానికి 120 దరువులు, 8 అయితే 180. వేలు మెట్టుకి తగిలే బొమ్మ శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందుండాలి. సరిగ్గా శబ్దంతోనే పెడితే కంటికి ఆలస్యంగా అనిపిస్తుంది. నమ్మకపోతే యూట్యూబ్‌లో వీడియో ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరపండి. వెనక్కి రావాలంటే కామా. వీఎల్‌సీలో అయితే ‘ఈ’ కీ.

సంగీతం ఇంత కష్టపడి పెడితే, టామ్‌కీ జెర్రీకీ తెలుగు డైలాగులు తగిలించి వీడియోలు పెట్టే మహానుభావులున్నారు. ఈ కార్టూన్లకి సంగీతం కట్టిన స్కాట్ బ్రాడ్లీ వాద్యాలతో చెప్పిన మాటని వీళ్లు నోటితో చెప్పేసి చంపేస్తారు. టామ్ కేకొక్కటి చాలు, అది హన్నా సొంత గొంతు.

“ఇప్పుడు చూస్తే అప్పటంత జోరు లేదు” అనేవాళ్లకి ఒక సంగతి. అప్పట్లో మన టీవీది పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల రీలుని నేరుగా అందులోకి మారిస్తే నాలుగు శాతం వేగం పెరుగుతుంది. ఏడు నిమిషాల్లో దాదాపు 17 సెకన్లు మాయం, సంగీతం శ్రుతి కూడా కాస్త పైకి. అలాంటి కాపీ చూసి పెరిగినవాళ్లకి అసలుదే నీరసంగా అనిపిస్తుంది.

ఇక పెద్ద టీవీలో చూసేవాళ్లు ముందు సెట్టింగుల్లోకి వెళ్లండి. మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ (పాతవాటిలో ఆటో మోషన్ ప్లస్) అని ఉంటుంది. అది ఫ్రేముల మధ్య తనే బొమ్మలు పుట్టిస్తుంది. ఆర్టిస్టు కావాలని సాగదీసి గీసిన పంజా ముద్దయిపోతుంది. నాయిస్ రిడక్షన్ కూడా వద్దు, కదిలే సన్నగీతని మరక అనుకుని తుడిచేస్తుంది. తర్వాత పిక్చర్ సైజు 4:3. తెర నిండాలని జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో పావు వంతు పోతుంది, జెర్రీ ఎక్కువగా ఉండేది ఆ కింది భాగంలోనే. 1954 చివరి నుంచి సినిమాస్కోప్‌లో తీసినవి మాత్రం వెడల్పుగానే ఉంటాయి, వాటిని 4:3లోకి కుదించకండి. మిగతావాటికి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. టీవీ పాడైందనుకుని ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ జూమ్ నొక్కుతారు, రిమోట్ మీ దగ్గరే ఉంచుకోండి.